స్వయం నిరోధక రక్తవ్యాధులు: రక్షక కణాల పాత్ర

సూక్ష్మజీవుల నుంచి ఒంటిని కాపాడాల్సిన కణాలే సొంత రక్తకణాలను పరాయివిగా ఎంచి చంపడం వల్ల, లేదా వాటి పుట్టుకనే అడ్డుకోవడం వల్ల వచ్చే జబ్బులను స్వయం నిరోధక రక్తవ్యాధులు అంటారు. ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ, ఎర్రకణాలు నశించే ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా, మూలుగ వట్టిపోయే ఎప్లాస్టిక్ అనీమియా, విటమిన్ బి12 ఒంటబట్టకుండా చేసే పెర్నీషియస్ అనీమియా వీటిలో ముఖ్యమైనవి. రక్తపరీక్ష కాగితం మీద వీటన్నింటిలోనూ కనిపించేది ఒకటే, ఏదో ఒక అంకె తగ్గడం. ఆ అంకెను తగ్గిస్తున్న కణం మాత్రం జబ్బు జబ్బుకూ వేరు. మందు ఆ కణాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల రోగికైనా వైద్యుడికైనా అసలు ప్రశ్న ఎంత తగ్గిందన్నది కాదు, ఎవరు తగ్గిస్తున్నారు, ఎక్కడ తగ్గిస్తున్నారు అన్నది.

జబ్బు గడప తొక్కే తీరు

నిజామాబాద్ జిల్లా ధర్పల్లి వంటి మండలాల్లో ‘ప్లేట్‌లెట్లు’ అన్న మాట తెలియని ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని నేర్పింది డెంగీ. వానాకాలం మొదలయ్యాక జ్వరం వస్తే సర్కారు దవాఖానలో గానీ నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ప్రైవేటు ఆసుపత్రిలో గానీ ముందు అడిగేది ఆ అంకెనే. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగు లక్షల పైదాకా ఉండాల్సినవి యాభై వేలకో ఇరవై వేలకో దిగితే ఇల్లంతా కంగారు పడుతుంది. డెంగీలో ఈ పతనం చాలావరకు తాత్కాలికం. వైరస్ మూలుగను కొన్నాళ్లు అణచివేస్తుంది. దానిపై పుట్టిన యాంటీబాడీలు కొన్ని ప్లేట్‌లెట్లకూ అంటుకుంటాయి. జ్వరం విడిచాక వారం పది రోజుల్లో సంఖ్య తనంతట తానే లేస్తుంది.

జ్వరం పోయి వారాలు గడిచినా ప్లేట్‌లెట్లు లేవకపోతే, లేదా జ్వరమే లేకుండా పిక్కల మీద ఎర్రటి సన్నని చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఆడవాళ్లకు నెలసరి ఆగకపోవడం వంటివి కనిపిస్తే, అప్పుడు ఐటీపీని తలచుకోవాలి. బోధన్ వైపు చెరకు పొలాల్లో కత్తి పట్టి పనిచేసేవారికి చిన్న కోత కూడా ఈ జబ్బులో చిన్నది కాదు.

హీమోలిటిక్ అనీమియా మరో ముసుగులో వస్తుంది. కళ్లు పచ్చబడతాయి. పల్లెలో దాన్ని పసిరికలు అంటారు, పసరు మందుకు తీసుకుపోతారు. కాలేయం బాగానే ఉన్నా ఎర్రకణాలు కుప్పకూలడం వల్ల కూడా కళ్లు పచ్చబడతాయన్న సంగతి ఆ దారిలో ఎవరికీ తట్టదు. పచ్చదనంతో పాటు మనిషి పాలిపోయి, నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడుతుంటే అది మామూలు పసిరికలు కాకపోవచ్చు. ఇక ఎప్లాస్టిక్, పెర్నీషియస్ రకాలు ‘ఒంట్లో రక్తం లేదు’ అన్న ఒక్క మాట కింద నెలల తరబడి దాగి ఉంటాయి. ఇనుము మాత్రలు వాడుతూనే ఉంటారు, ఫలితం ఉండదు.

నమ్మలేని నిజం నిలబడిన విధం

శరీరం తనను తాను చంపుకోదని జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సిద్ధాంతం చేశారు. ఒక మేక రక్తాన్ని మరో మేకకు ఎక్కిస్తే ఆ కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టాయి, తన రక్తం మీద మాత్రం ఏ మేకా యాంటీబాడీ తయారు చేయలేదు. ఆ గమనింపు సరైనదే. అయితే ఆయన మాటకున్న పలుకుబడి వల్ల, అలాంటిది జరగడమే అసాధ్యమని చాలామంది దశాబ్దాల పాటు నమ్మారు. 1904లోనే వియన్నాలో డొనాత్, లాండ్‌స్టైనర్ దీనికి ఎదురు సాక్ష్యం చూపారు. చలిలో తిరిగివచ్చాక మూత్రం నల్లగా పోసే రోగుల రక్తంలో, చల్లదనంలో ఎర్రకణాలకు అంటుకుని వెచ్చబడగానే వాటిని పగలగొట్టే పదార్థం ఉందని నిరూపించారు. మనిషిలో రుజువైన తొలి స్వయం నిరోధక వ్యాధి ఒక రక్తవ్యాధే కావడం యాదృచ్ఛికం కాదు. రక్తాన్ని బయటికి తీసి గాజుగొట్టంలో జబ్బును మళ్లీ జరిపించి చూడవచ్చు. మరే అవయవంతోనూ అంత తేలిక కాదు.

1945లో కేంబ్రిడ్జ్‌లో రాబిన్ కూంబ్స్, మౌరంట్, రేస్ కలిసి రూపొందించిన పరీక్ష ఈ విద్యకు వెన్నెముక అయింది. ఎర్రకణం మీద యాంటీబాడీ అతుక్కుని ఉంటే మామూలుగా కంటికి కనిపించదు. మనిషి యాంటీబాడీని పట్టుకునే మరో యాంటీబాడీని పైనుంచి కలిపితే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులవుతాయి. మరుసటి ఏడాదికే దీన్ని హీమోలిటిక్ అనీమియా రోగులకు వర్తింపజేశారు. నేటికీ మన జిల్లా ఆసుపత్రుల్లో ‘కూంబ్స్ టెస్ట్’ అనే పేరుతోనే రాస్తారు.

ఐటీపీ విషయంలో రుజువు ప్రాణాల మీదికి తెచ్చుకుని సాధించింది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఐటీపీ రోగి రక్తాన్ని తనకు ఎక్కించుకున్నారు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు కనిపించకుండా పోయాయి, ఒంటి మీద చుక్కలు లేచాయి, ఫిట్స్ కూడా వచ్చాయి. కొద్ది రోజులకు తేరుకున్నారు. రోగి రక్తంలోని ద్రవభాగంలోనే ప్లేట్‌లెట్లను నాశనం చేసేది ఉందని దీంతో తేలింది. అది ఐజీజీ రకపు యాంటీబాడీ అని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. నేటి నైతిక నియమాలు అలాంటి ప్రయోగాన్ని ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా.

ఎవరు ఏం చేస్తారు

రక్షక కణాల్లో టి కణాలది ఆజ్ఞ. అవి మూలుగలో పుట్టి, గుండె పైన ఉండే థైమస్ గ్రంథిలో శిక్షణ పొందుతాయి. సొంత పదార్థాల మీద గట్టిగా స్పందించే టి కణాలు అక్కడే తొలగిపోతాయి. ఆ జల్లెడలో కొన్ని జారిపోతాయి, ఆరోగ్యవంతుల్లో కూడా. వాటిని అదుపులో పెట్టేందుకు రెగ్యులేటరీ టి కణాలని ఒక ప్రత్యేక వర్గం ఉంది. 1995లో జపాన్‌కు చెందిన షిమోన్ సకాగుచి వీటిని గుర్తించారు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వీటి పనితీరుకు మూలమైన ఫాక్స్‌పీ3 జన్యువును కనుగొన్నారు. ముగ్గురికీ కలిపి 2025లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది. ఈ జన్యువు పుట్టుకతో చెడిపోయిన మగపిల్లల్లో మధుమేహం, పేగుల జబ్బుతో పాటు రక్తకణాల నాశనం కూడా కనిపిస్తుంది. ఐటీపీ రోగుల్లో రెగ్యులేటరీ టి కణాలు తగ్గడమో చురుకు కోల్పోవడమో జరుగుతుందని, చికిత్సకు లొంగినప్పుడు తిరిగి కోలుకుంటాయని అనేక అధ్యయనాలు చూపాయి.

బి కణాలది యాంటీబాడీల తయారీ. వాటికి సహాయక టి కణాల అనుమతి కావాలి. ప్లీహంలోని తెల్లగుజ్జులో, లింఫ్ గ్రంథుల్లో ఈ రెండూ కలుసుకుంటాయి. అనుమతి దొరికిన బి కణం ప్లాస్మా కణంగా మారి ఒకే రకపు యాంటీబాడీని గుప్పిస్తుంది. కొన్ని ప్లాస్మా కణాలు కొద్ది రోజులకే చనిపోతాయి. మరికొన్ని మూలుగలోనో ప్లీహంలోనో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తాయి. చికిత్స ఎందుకు విఫలమవుతుందో చెప్పేటప్పుడు ఈ రెండో వర్గం దగ్గరికి మళ్లీ రావాలి.

యాంటీబాడీ ఒక గుర్తు మాత్రమే, అది తానుగా ప్లేట్‌లెట్‌ను చంపదు. చంపేది మాక్రోఫేజ్ అనే భక్షక కణం. ఐజీజీ యాంటీబాడీ తోకను పట్టుకునే గ్రాహకాలు దాని ఒంటినిండా ఉంటాయి. మాక్రోఫేజ్‌లు అన్నిచోట్లా ఉన్నా, ప్లీహానిదే ప్రధాన రంగస్థలం. ప్లీహం ఎర్రగుజ్జులో రక్తం గొట్టాల్లో పరుగెత్తదు, సందుల గుండా నెమ్మదిగా పాకుతుంది. ప్రతి కణమూ మాక్రోఫేజ్‌ల పక్క నుంచి ఒరుసుకుంటూ పోవాల్సిందే. ముసలి కణాలను ఏరివేసేందుకు ఏర్పడిన ఈ ఏర్పాటే, యాంటీబాడీ అంటుకున్న పడుచు కణాలకు మృత్యుద్వారమవుతుంది. పైగా తిన్న ప్లేట్‌లెట్ ముక్కలను మాక్రోఫేజ్ తిరిగి టి కణాలకు చూపుతుంది. దాంతో కొత్త యాంటీబాడీలకు దారి తెరుచుకుంటుంది. ఉత్తర్వూ అమలూ ఒకే అవయవంలో జరగడమే ఐటీపీ ఏళ్ల తరబడి ఎందుకు సాగుతుందో చెబుతుంది. మలేరియా ఉన్న కాలంలో మన పెద్దలు కడుపులో ‘బల్ల’ అని చేత్తో తడిమి గుర్తించింది ఈ ప్లీహాన్నే. ఐటీపీలో మాత్రం అది సాధారణంగా పెరగదు. చేతికి తగిలేంత పెరిగి ఉంటే వేరే జబ్బును వెతకాలి.

ఐటీపీ లోపలి కథ

ప్లేట్‌లెట్ ఉపరితలం మీద గ్లైకోప్రోటీన్లు ఉంటాయి. ఎక్కువమందిలో యాంటీబాడీ పట్టేది టూబీ-త్రీఏ, వన్‌బీ-నైన్ అనే రెండు జతలను. మామూలుగా ఎనిమిది నుంచి పది రోజులు బతికే ప్లేట్‌లెట్ ఇలా గంటల్లో మాయమవుతుంది. నాశనం ఒక వైపు, తయారీలో కుంటుబాటు మరో వైపు. అవే గ్లైకోప్రోటీన్లు మూలుగలో ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకార్యోసైట్ల మీద కూడా ఉండటంతో యాంటీబాడీలు వాటినీ దెబ్బతీస్తాయి. కొందరిలో యాంటీబాడీ ఎంత వెతికినా దొరకదు. అక్కడ సీడీ8 రకపు టి కణాలు ప్లేట్‌లెట్ల మీదికి నేరుగా దిగుతాయని భావిస్తున్నారు. స్టెరాయిడ్‌కూ ప్లీహం తొలగింపుకూ లొంగని రోగులు ఎందుకుంటారో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది.

పిల్లల్లో ఇది తరచు ఏదో వైరల్ జ్వరం వెళ్లిన రెండు మూడు వారాలకు వస్తుంది, ఎక్కువమందిలో ఆరు నెలల్లోపే దానంతట అదే సర్దుకుంటుంది. రక్తస్రావం లేని పిల్లవాడికి మందు లేకుండా కనిపెట్టుకుని ఉండటమూ వైద్యమే. తల్లిదండ్రులకు ఇది చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో తెలిసిన వైద్యులు ఉన్నారు. పెద్దల్లో అలా తనంతట తగ్గడం అరుదు. పన్నెండు నెలలు దాటితే దీర్ఘకాలికం అంటారు.

డెంగీ అలవాటు ఇక్కడ ఒక పొరపాటుకు దారి తీస్తోంది. అంకె తగ్గగానే ప్లేట్‌లెట్ల సంచి కోసం బంధువులు పరుగులు తీస్తారు. ఐటీపీలో ఎక్కించిన ప్లేట్‌లెట్లకూ అదే యాంటీబాడీ అంటుకుంటుంది, ప్లీహం వాటినీ గంటల్లో మింగేస్తుంది. మెదడులోనో పేగుల్లోనో ప్రమాదకరంగా రక్తం కారుతున్నప్పుడు మిగతా మందులతో పాటు ఎక్కించడం సబబు, అంకెను సరిచేయడానికి ఎక్కించడం దండగ. ఇంకో సంగతి కూడా ఉంది. కొందరి రక్తంలో, నమూనా గొట్టంలోని ఈడీటీఏ అనే రసాయనం సమక్షంలో ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి. యంత్రం ఆ ముద్దలను లెక్కించలేక ఇరవై వేలని చూపుతుంది, మనిషి ఒంట్లో రెండు లక్షలు ఉంటాయి. ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరిచి, లీష్మన్ రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కసారి చూస్తే చాలు, పలక అంచున గుంపుగా పడి ఉన్న ప్లేట్‌లెట్లు కనిపిస్తాయి. ఏ మండల కేంద్రంలోనైనా చేయగల ఈ పనిని యంత్రం వచ్చాక మనం పక్కన పెట్టడం విచారకరం.

ఎర్రకణాలు నశించే చోట

ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియాలో వెచ్చని రకం, చల్లని రకం అని రెండున్నాయి. వెచ్చని రకంలో ఐజీజీ యాంటీబాడీ ఒంటి వేడి దగ్గరే అంటుకుంటుంది. ప్లీహంలోని మాక్రోఫేజ్ ఎర్రకణాన్ని పూర్తిగా మింగకుండా చాలాసార్లు పైపొరలో కొంత కొరుక్కుంటుంది. పొర తగ్గినా లోపలి సరుకు తగ్గదు, కణం గోళంలా బిగుసుకుంటుంది. పలక మీద చూస్తే మామూలు ఎర్రకణం మధ్యలో పాలిపోయి కనిపిస్తుంది. ఇవి మాత్రం చిన్నగా, నిండుగా, మధ్య వెలుగు లేకుండా ముదురు రంగులో ఉంటాయి. వాటి పక్కనే కొంచెం పెద్దవిగా, నీలి ఛాయతో పడుచు ఎర్రకణాలు కనిపిస్తాయి, మూలుగ లోటు పూడ్చేందుకు తొందరపడి పంపినవి. ఈ రెండూ ఒకే పలక మీద కనిపిస్తే కూంబ్స్ పరీక్ష రాసేందుకు అంతకు మించిన కారణం అక్కర్లేదు.

చల్లని రకంలో ఐజీఎం యాంటీబాడీది పెత్తనం. చేతివేళ్లు, ముక్కు, చెవుల వంటి చల్లబడే చోట్ల అది ఎర్రకణాలను గుత్తులు కట్టి, కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల వరుసను రేపుతుంది. రక్తం వెచ్చబడగానే ఐజీఎం వదిలేస్తుంది గానీ కాంప్లిమెంట్ ముద్ర కణం మీద మిగులుతుంది. అలాంటి కణాలను కాలేయంలోని కుప్ఫర్ కణాలనే మాక్రోఫేజ్‌లు పట్టుకుంటాయి. అందుకే ఈ రకంలో ప్లీహం తీసేసినా ప్రయోజనం ఉండదు. నిజామాబాద్‌లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల చలికి ల్యాబ్‌లో ఉంచిన గొట్టం లోపలి గోడలకు రక్తం ఇసుక రేణువుల్లా అతుక్కుని కనిపించవచ్చు. యంత్రం ఎర్రకణాల సంఖ్యను నమ్మలేనంత తక్కువగా, కణం పరిమాణాన్ని నమ్మలేనంత ఎక్కువగా చూపిస్తుంది. గొట్టాన్ని 37 డిగ్రీల నీటిలో కాసేపు ఉంచితే రేణువులు కరిగిపోతాయి, అంకెలు దారికొస్తాయి. టెక్నీషియన్ ఆ తేడాను కాగితం మీద రాసి పంపితే వైద్యుడికి సగం రోగనిర్ధారణ చేసిపెట్టినట్టే. మైకోప్లాస్మా న్యుమోనియా తర్వాత కొద్ది వారాలు ఇలాంటిది వచ్చి పోతుంది. వృద్ధుల్లో దీని వెనుక బి కణాల తిరుగుబాటు, ఒక్కోసారి లింఫోమా ఉంటుంది.

రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఈ జబ్బు కుటుంబాలను ఎక్కువగా హింసిస్తుంది. రోగి యాంటీబాడీ దాదాపు మనుషులందరి ఎర్రకణాల మీదా ఉండే పదార్థాన్నే పడుతుంది. బ్లడ్ బ్యాంకులో ఏ సంచి తెచ్చి సరిచూసినా ‘మ్యాచ్ కాలేదు’ అనే జవాబే వస్తుంది. అన్నను, మేనమామను, ఊరి కుర్రాళ్లను పిలిపించినా అంతే. దాత కోసం ఇంకా వెతకడం వల్ల ఒరిగేది లేదు. పాత రక్తమార్పిడుల వల్ల పుట్టిన వేరే యాంటీబాడీలు లేవని చూసుకుని, ఉన్నవాటిలో తక్కువ స్పందించే సంచిని నెమ్మదిగా ఎక్కించడమే పద్ధతి. హిమోగ్లోబిన్ మూడుకో నాలుగుకో దిగిన మనిషికి మ్యాచ్ కాలేదని రక్తం ఆపడం ఎక్కించడం కంటే ప్రమాదకరం.

గర్భిణులకు బీపీ కోసం వాడే మిథైల్‌డోపా కూంబ్స్ పరీక్షను పాజిటివ్ చేయగలదు, అరుదుగా నిజమైన హీమోలిసిస్‌నూ తెస్తుంది. లూపస్ అనే స్వయం నిరోధక వ్యాధి ఉన్న యువతుల్లో రక్తకణాల నాశనం తొలి లక్షణంగా రావచ్చు. ఎర్రకణాలూ ప్లేట్‌లెట్లూ రెండూ దెబ్బతింటే 1951లో వర్ణించిన రాబర్ట్ ఎవన్స్ పేరుతో ఎవన్స్ సిండ్రోమ్ అంటారు. తెలంగాణ ఉత్తర జిల్లాల్లో సికిల్ సెల్, థలసేమియా, జీ6పీడీ లోపం కూడా ఎర్రకణాలను నాశనం చేస్తాయి. వాటిలో తప్పు కణంలోనే ఉంటుంది, రక్షక వ్యవస్థలో కాదు. అక్కడ కూంబ్స్ పరీక్ష నెగెటివ్.

యాంటీబాడీ లేని దాడి

ఎప్లాస్టిక్ అనీమియాను 1888లో ఎర్లిక్ ఒక గర్భిణిలో వర్ణించారు. మూలుగ నమూనా తీస్తే రక్తం తయారుచేసే కణాలు ఉండాల్సిన చోట కొవ్వు నిండి ఉంటుంది. దీన్ని చాలాకాలం విషపదార్థాల వల్ల వచ్చే దెబ్బ అనుకున్నారు. మూలుగ మార్పిడికి ముందు రక్షక వ్యవస్థను అణచే మందులిచ్చిన కొందరిలో, మార్పిడి చేసిన మూలుగ నిలవకపోయినా రోగి సొంత మూలుగే కోలుకోవడం 1970 ప్రాంతంలో ఫ్రెంచ్ వైద్యుడు జార్జ్ మాతే గమనించారు. జబ్బు రక్షక కణాలదే అన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది.

ఇక్కడి నిందితుడు సీడీ8 టి కణం. అది ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్ అనే సంకేతాలు విడుదల చేసి, రక్తాన్ని పుట్టించే మూలకణాల మీద ఫాస్ అనే మృత్యు మీటను నొక్కుతుంది. మూలకణం తనంతట తాను చచ్చిపోతుంది. యాంటీబాడీ లేదు, ప్లీహం ప్రమేయం లేదు, అందుకే ఐటీపీలో బి కణాలపై పనిచేసే రిటుక్సిమాబ్ ఇక్కడ అక్కరకు రాదు. టి కణాలను తుడిచిపెట్టే ఏటీజీ, వాటి నోరు కట్టే సైక్లోస్పోరిన్, మూలకణాలను తట్టిలేపే ఎల్‌ట్రాంబోపాగ్ కలిపి ఇస్తారు. వయసులో ఉండి, సరిపోలే తోబుట్టువు ఉంటే మూలుగ మార్పిడి మేలు. ఈ జబ్బు ఐరోపాలో కంటే ఆసియాలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

మన దగ్గర దీన్ని పోలిన మరో పరిస్థితి చాలా సాధారణం. తీవ్రమైన బి12 లోపంలో కూడా మూడు రకాల కణాలూ పడిపోతాయి. మాంసం, పాలు తక్కువగా తినే ఇళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. ఇంజెక్షన్లతో వారాల్లో నయమయ్యే ఆ లోపాన్ని ఎప్లాస్టిక్ అని భయపడి హైదరాబాద్ దాకా పరుగెత్తే ముందు, ఒక బి12 పరీక్ష చేయించడం న్యాయం.

ఎల్లాప్రగడ సుబ్బారావు రెండు వారసత్వాలు

పెర్నీషియస్ అనీమియాలో దాడి జరిగేది రక్తం మీద కాదు, జీర్ణాశయం గోడ మీద. అక్కడి పరైటల్ కణాల ప్రోటాన్ పంపును సహాయక టి కణాలు లక్ష్యం చేసుకుంటాయి. ఆ కణాలు చచ్చిపోతే బి12ను ఒంటబట్టించే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ ఉండదు. ఒకప్పుడు ఇది ప్రాణాంతకం. 1926లో మైనాట్, మర్ఫీ కాలేయం తినిపించి రోగులను బతికించారు, 1934లో విపుల్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. అప్పటి నుంచి కాలేయంలో ఉన్న ఆ పదార్థం ఏమిటన్న వేట మొదలైంది. ఆ వేటలో నిమగ్నమైన వారిలో 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషికి ఈ రక్తహీనతలు పుస్తక విషయాలు కావు. హార్వర్డ్‌లో కాలేయ సారం మీద పనిచేసి, 1940లో లెడర్లే సంస్థకు వెళ్లి, 1945లో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశారు. దాని వెనుక బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ 1928 నుంచి చేసిన పరిశీలన ఉంది. పెర్నీషియస్ అనీమియాలో ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని నింపింది గానీ నరాల దెబ్బను ఆపలేకపోయింది. కారణం బి12 వేరే పదార్థం కావడం. అది 1948లో వెలికి వచ్చింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు.

ఆయన ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌కు విరోధులైన అమినోప్టెరిన్, మిథోట్రెక్సేట్‌లనూ తయారుచేసింది. సిడ్నీ ఫార్బర్ 1947లో అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియాను తాత్కాలికంగానైనా వెనక్కి తిప్పారు. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాన్ని ఆపేది, అదే వేగంతో పెరిగే రక్షక కణాన్నీ ఆపుతుందన్న ఆలోచన కొద్ది ఏళ్లలోనే పుట్టింది. 1951లో గబ్నర్ కీళ్లవాతానికి అమినోప్టెరిన్ వాడారు. బోస్టన్‌లో డామెషెక్, ష్వార్ట్జ్ మెర్కాప్టోప్యూరిన్‌తో హీమోలిటిక్ అనీమియా మీద ప్రయత్నించారు. నేడు అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ ఐటీపీలో వాడుకలో ఉన్నాయంటే వాటి వెనుక ఉన్నదీ ఆ ఆలోచనే. అటు ఎర్రకణాలు నిత్యం నశించే రోగికి మూలుగ ఎడతెరిపి లేకుండా పనిచేయాలి గనుక ఫోలిక్ యాసిడ్ రోజూ ఇస్తారు. ఒక తెలుగువాడి బల్ల మీద రూపుదిద్దుకున్న పోషకమూ, దాని విరోధీ ఒకే వైద్య విభాగంలో ఎదురెదురుగా నిలిచాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా వివరంగా ఉండాలి.

అరుదైనవి కొన్ని

తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ను యాంటీబాడీలు నాశనం చేసే జబ్బు ఎక్కువగా పసిపిల్లల్లో వచ్చి రెండు మూడేళ్లకు మాయమవుతుంది. టీటీపీ అనే జబ్బులో యాంటీబాడీ అడామ్‌టీఎస్13 అనే ఎంజైమును అడ్డుకుంటుంది, సన్న నాళాల్లో ప్లేట్‌లెట్ గడ్డలు పేరుకుంటాయి. ప్లేట్‌లెట్లు తగ్గి, పలక మీద చిరిగిన ఎర్రకణాలు కనిపిస్తే ఇది అత్యవసరం, ప్లాస్మా మార్పిడి ఆ రోజే మొదలవ్వాలి. వృద్ధుల్లో ఎనిమిదో గడ్డకట్టే కారకం మీద యాంటీబాడీ పుడితే, జీవితమంతా లేని హీమోఫీలియా ఒక్కసారిగా మీదపడుతుంది.

మందు ఏ కణాన్ని తాకుతుంది

స్టెరాయిడ్ తొలి మందు, చౌక మందు. మాక్రోఫేజ్ ఆకలిని కొద్ది రోజుల్లో తగ్గిస్తుంది, టి, బి కణాలను నెమ్మదిగా అణచుతుంది. వైద్యుడు చెప్పినంత కాలం వాడి నెమ్మదిగా తగ్గించాల్సిన ఈ మందును కొందరు అంకె పెరగగానే మానేస్తారు, మరికొందరు తగ్గినప్పుడల్లా సొంతంగా కొనుక్కుని ఏళ్లపాటు మింగుతారు. రెండూ ప్రమాదమే. షుగర్, ఎముకల బలహీనతతో పాటు మన దేశంలో క్షయ తిరగబెట్టడం ప్రత్యేకమైన భయం.

ఐవీఐజీ అంటే వేలమంది దాతల ఐజీజీ. 1981లో స్విట్జర్లాండ్‌లో పాల్ ఇంబాక్ ఐటీపీ పిల్లలకు ఇచ్చి ఫలితం చూపారు. అది మాక్రోఫేజ్ గ్రాహకాలను నింపేసి దాని చేతులు కట్టేస్తుంది, ప్రభావం కొద్ది వారాలే. ధర చాలా ఎక్కువ. ప్లీహాన్ని తీసేయడం 1916లో ప్రేగ్‌లో పాల్ కాజ్నెల్సన్ సూచనతో మొదలైంది. మూడింట రెండు వంతుల మందిలో ఫలితం నిలుస్తుంది. ప్లీహం లేని మనిషికి న్యుమోకోకస్ వంటి సూక్ష్మజీవులు గంటల్లో ప్రాణం తీయగలవు. ముందే టీకాలు వేయాలి, తర్వాత ఏ జ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోకూడదు.

బి కణాలపై గురిపెట్టే రిటుక్సిమాబ్ ధర వల్ల చాలాకాలం అందనిదిగా ఉండేది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో దాని పోలిక మందును తెచ్చింది. ఇది మొదట లింఫోమా కోసమే అయినా, ఆ ధర తగ్గుదల రక్తకణాల నాశన వ్యాధులున్నవారికీ మేలు చేసింది. దీనికి ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లోపల నిద్రాణంగా ఉన్న వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. రోమిప్లోస్టిమ్, ఎల్‌ట్రాంబోపాగ్ 2008లో అమెరికాలో అనుమతి పొందాయి. అవి రక్షక కణాల జోలికి పోకుండా మూలుగ చేత ప్లేట్‌లెట్లను ఎక్కువగా తయారు చేయిస్తాయి. కాంప్లిమెంట్‌ను మొదట్లోనే ఆపే సుటిమ్లిమాబ్ చల్లని రకానికి 2022లో వచ్చింది.

రిటుక్సిమాబ్ పనిచేయని రోగుల ప్లీహాలను తీసి పరిశీలించిన ఫ్రెంచ్ బృందం 2013లో ఒక ముఖ్య సంగతి చెప్పింది. బి కణాలన్నీ తుడిచిపెట్టుకుపోయినా, ఆ ప్లీహాల్లో దీర్ఘాయువు ప్లాస్మా కణాలు యాంటీబాడీలు తయారుచేస్తూనే ఉన్నాయి. రిటుక్సిమాబ్ పట్టుకునే సీడీ20 వాటి మీద ఉండదు. బి కణాలు పోయి ఖాళీ అయిన చోటే వాటికి అనుకూల నివాసమైందని కూడా ఆ బృందం భావించింది. ప్లాస్మా కణాలను కొట్టే డరాటుముమాబ్‌ను మొండి రోగుల్లో ప్రయత్నిస్తున్నారు. రోగి సొంత టి కణాలను బయటికి తీసి, బి కణాలను వేటాడేలా జన్యుమార్పిడి చేసి తిరిగి ఎక్కించే కార్ టి పద్ధతిని జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు 2021 నుంచి లూపస్‌పై చూపారు. కొందరు మొండి ఐటీపీ, హీమోలిటిక్ అనీమియా రోగుల్లోనూ ప్రయత్నాలు జరిగాయి. భారత్‌లో తయారైన నెక్స్‌కార్19 2023లో రక్త క్యాన్సర్లకు అనుమతి పొందింది. కార్ టి చికిత్స తర్వాత కొన్ని నెలలకు బి కణాలు తిరిగి పుడతాయి. అవి మూలుగ నుంచి కొత్తగా వచ్చినవి, పాత శత్రుత్వాన్ని నేర్చుకోనివి. లూపస్ రోగుల్లో చాలామందికి ఆ తర్వాత కూడా స్వయం నిరోధక యాంటీబాడీలు తిరిగి కనిపించలేదు.